తెర వెనక మరాఠీ, తెర ముందు పద్యం: మా డాక్యుమెంటరీ డైరీ

మా డాక్యుమెంటరీ రఫ్ కట్, అంటే తొలి కూర్పు, మొదటి సగం ఒక రూపానికి వచ్చింది. సినిమా దేని గురించి అని అడిగిన ఒక్కొక్కళ్ళకి ఒక్కో రకంగా చెబుతూ వచ్చాను కాబట్టి ముందు అది తేల్చేస్తాను. హార్మణీ పెట్టె పక్కన ఉండగా రాగం తీసి, తీసి, జనం ఈల వేసేదాకా తీసి పాడే మన పద్యనాటకం ఉంది కదా, "అచ్చ తెలుగు సొత్తు" అని ప్రతి పరిషత్తులోనూ మైకు పట్టుకున్న ప్రతివాళ్ళూ అనే నాటకం, అది ఏ దారిన నడిచి మన దాకా వచ్చిందో చూపించే సినిమా ఇది. ఆ దారిలో ఇటలీ ఆపెరా, అంటే పాటతోనే నడిచే వాళ్ళ నాటకం, ఉంది, బొంబాయి పార్శీ కంపెనీలున్నాయి, ధార్వాడ వాళ్ళున్నారు, ఇంట్లో మరాఠీ మాట్లాడుకుని స్టేజీ మీద తెలుగు పద్యం పాడే సురభి కుటుంబాలున్నాయి. పద్యం మనదే, అందులో అనుమానం లేదు. తెర, పెట్టె, మట్టు (పాట వరస), వేషం కట్టిన మనుషుల్లో చాలామంది, వీళ్ళంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చి కృష్ణ నీళ్ళు తాగి ఇక్కడివాళ్ళైపోయారు. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. దీన్ని ఉపన్యాసంలా కాకుండా చెప్పడం ఎలా అన్నదే అసలు తలనొప్పి.

బెజవాడలో కూర్చుని ఆపెరా మీద సినిమా తీస్తున్నానంటే మా బంధువుల్లో సగం మంది అదేదో ఫోన్‌లో ఉండే బ్రౌజర్ అనుకున్నారు. పర్లేదు.

వేసవి: కాగితాల మీద పని

లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో పాత నాటకాల ప్రతులు ఇంకా దొరుకుతున్నాయి. బైండింగు ఊడిపోయి, అట్ట మీద ఎవరి పేరో సిరాతో రాసి ఉంటాయి. షాపాయన "ఇవి ఎవరికి కావాలండీ ఇప్పుడు" అంటూనే రేటు మాత్రం తగ్గించడు. ఆ ప్రతుల్లో నాకు పనికొచ్చింది కథ కాదు, పాట పైన చిన్న అక్షరాలతో వేసే లైను. ఫలానా పాట పార్శీ మట్టు, ఫలానాది హిందుస్తానీ మట్టు అని అచ్చులోనే ఉంటుంది. అంటే రాసినవాళ్ళు దాచలేదు. అరువు తెచ్చుకున్నామని అక్కడే చెప్పుకున్నారు, ఆ సంగతి మరిచిపోయింది మనమే. ఆ లైన్లను మాక్రో లెన్సుతో తీసి పెట్టుకున్నాం. సినిమాలో నాలుగైదు చోట్ల వస్తాయి.

దారి మ్యాపు ఇలా తేలింది. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో బొంబాయిలో తెల్లవాళ్ళ నాటకశాలలు, ఐరోపా నుంచి వచ్చిపోయే నాటక, ఆపెరా బృందాలు. గ్రాంట్ రోడ్డు థియేటర్ 1846లో తెరిచారు. వాళ్ళ రంగుల తెరలు, పక్క వింగులు, దేవుణ్ణి మబ్బుల్లోంచి దించే యంత్రాలు చూసి పార్శీ వ్యాపారులు సొంతంగా కంపెనీలు పెట్టారు, వాటిలోకి లక్నో వైపు గజళ్ళు, ఠుమ్రీలు వచ్చి చేరాయి. మరాఠీ వైపు చూస్తే విష్ణుదాస్ భావే 1843లో సాంగ్లీలో నాటకం మొదలుపెట్టింది కర్ణాటక నుంచి వచ్చిన భాగవత మేళం చూశాక. 1880లో పుణేలో సంగీత నాటకానికి ఊపు తెచ్చిన అణ్ణాసాహెబ్ కిర్లోస్కర్ పుట్టింది ఇప్పటి కర్ణాటకలో. సరిగ్గా అదే 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమహేంద్రవరం వచ్చి పాక వేసి ఆడింది. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ పాకలోనే వీరేశలింగం పంతులుగారు తన విద్యార్థులతో నాటకాలు వేయించారు. అటు బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆ బయటి కంపెనీల ధాటి చూసే తెలుగులో నాటకాలు రాసి సరసవినోదినీ సభ పెట్టారు. ఎవరో వదిలేసి వెళ్ళిన పాకలో మన నాటకం మొదలైందన్నమాట. సినిమాకి ఇంతకన్నా మంచి మొదటి సీను నాకు దొరకదు, కానీ ఆ పాకని చూపించడానికి ఫొటో లేదు, బొమ్మ లేదు. యానిమేషన్ వద్దు, నాకు డాక్యుమెంటరీలో యానిమేషన్ చూస్తే బడ్జెట్ అయిపోయిందని అర్థమవుతుంది. చివరికి ఉప్పలపాడు దగ్గర పొలంలో ఒక ఖాళీ తాటాకు పాకని తెల్లవారుజామున తీసి, దాని మీద గొంతు మాత్రం పెట్టాం.

ఆపెరా చరిత్ర చదువుతుంటే దాని సంగతీ ఇంతే. ఫ్రెంచి ఆపెరాకి తండ్రి అని చెప్పుకునే లల్లీ 1632లో పుట్టింది ఫ్లోరెన్సులో, ఇటలీవాడు, కుర్రతనంలో ఫ్రాన్సు వెళ్ళి 1661లో అక్కడి పౌరుడయ్యాడు. హాండెల్ జర్మనీవాడు, లండన్లో ఇంగ్లీషు జనానికి ఇటాలియన్ భాషలో ఆపెరా ఆడించాడు, 1711లో. ఎవరూ ఉన్నచోట ఉండి చేసినట్టు కనబడదు. వీటిని సినిమాలో ఎక్కువ పెట్టను, రెండు నిమిషాలు చాలు. మన కథకి వాళ్ళు వియ్యాలవారు, పెళ్ళికొడుకులు కారు.

తెనాలి: హార్మణీ మాస్టారి ఇల్లు

బెజవాడ నుంచి ప్యాసింజరెక్కితే గంట లోపు దూరం. తెనాలిని ఆంధ్రా పారిస్ అంటారు. హార్మోనియం పేటెంటు తీసుకున్నది కూడా పారిస్‌లోనే, 1840లలో, అలెగ్జాండర్ దెబాఁ అనే ఆయన. దీన్ని వాయిస్ ఓవర్‌లో జోకులా పెట్టాలని నా కోరిక, ఎడిటర్ ఇప్పటికి ఒప్పుకోలేదు.

మాస్టారు డెబ్భై దాటినవారు. యాభై ఏళ్ళుగా నాటకాలకి పెట్టె వాయిస్తున్నారు. మేం వెళ్ళేసరికి పెట్టె మూత విప్పి, రీడ్ పలకని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నేను నమస్కారం పెట్టబోతే "ఆగమ్మా, ఇది కూసేదాకా ఆగు" అన్నారు. అంతే, మా వాడు కెమెరా తీసేశాడు, లైటు లేదు, స్టాండు లేదు, కిటికీ వెలుతురులోనే నడిపేశాం. రెండో సప్తకంలో ఒక రీడు కొంచెం దిగింది. ఆయన ఇత్తడి నాలుక కింద సన్నటి రేకు దూర్చి, బ్లేడు మొనతో నాలుక చివర రెండుసార్లు గీశారు. చివర గీస్తే బరువు తగ్గి శృతి పెరుగుతుంది, మొదట్లో గీస్తే నాలుక మెత్తబడి శృతి దిగుతుంది. గీసి, నోటితో గాలి ఊది, పలకని మళ్ళీ పెట్టెలో బిగించి, తిత్తి ఒక్కసారి లాగి షడ్జమం మీద చెవి పెట్టి విని, మళ్ళీ విప్పి, మళ్ళీ గీసి. ట్యూనర్ యాప్ లేదు. పక్కన మనవరాలు ఫోన్‌లో యాప్ పెట్టి చూపిస్తే "దాని చెవి దానిది, నా చెవి నాది" అన్నారు. ఆ షాట్ తొమ్మిది నిమిషాలుంది, ఒక్క కట్ లేకుండా మూడు నిమిషాలు వాడుతున్నాం.

సౌండు సంగతి. హార్మణీకి మైకు ముందు పెడితే మెట్ల టకటక తప్ప ఏమీ రాదు, వెనక పెడితే తిత్తి ఊపిరి ఎక్కువైపోతుంది. పైన రెండడుగుల ఎత్తులో, రీడ్ల వైపు కొంచెం వంచి పెడితే సరిపోయింది. ఫ్యాను ఆపాల్సిందే. మే నెల తెనాలిలో ఫ్యాను ఆపి, తలుపులేసి పద్యం రికార్డు చేస్తే ఎలా ఉంటుందో అనుభవిస్తే తెలుస్తుంది. మాస్టారికి చెమట పట్టలేదు. మాకు మాత్రం హెడ్‌ఫోన్లు జారిపోయాయి.

ఆ పెట్టె ప్రయాణం ఆయనకి నోటికి తెలుసు. దెబాఁ చేసింది కాళ్ళతో తొక్కే పెద్ద పెట్టె. నేల మీద కూర్చుని వాయించేందుకు వీలుగా చేతి తిత్తి పెట్టి మార్చింది కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్, 1875 ప్రాంతంలో. మాస్టారి పెట్టెలో రీడ్లు గుజరాత్ పాలితానావి, ఆయన గురువుగారి పెట్టెలోవి జర్మనీవి, ఆ జర్మనీ రీడ్ల మాట వచ్చినప్పుడు మాత్రం కాస్త గొంతు మారుతుంది. స్వరాన్ని వంచి పట్టలేని పెట్టె మన సంగీతానికి పనికిరాదని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మణీని లోపలికి రానివ్వలేదు. విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న, అంటే ఆ నిషేధం నడుస్తున్నప్పుడే. "మా గురువుగారికి రేడియో పిలుపొస్తే పెట్టె ఇంట్లో పెట్టి మనిషొక్కడే వెళ్ళేవాడు" అని నవ్వారు మాస్టారు. స్టేజీ మీద మాత్రం ఎవరూ ఆపలేదు. పల్లెటూళ్ళో మైకు లేని రోజుల్లో ఐదున్నర, ఆరు శృతిలో, అంటే బాగా పై స్థాయిలో, పాడేవాడికి పక్కన నిలబడగలిగిన వాద్యం ఇదొక్కటే మరి.

కాంట్రాక్టు నాటకం

శ్రీరామనవమి పందిళ్ళ సీజన్లో తెనాలి దగ్గర పల్లెలో రాత్రి షూట్. కాంట్రాక్టు నాటకం గురించి తెలియనివాళ్ళకి: ఊరివాళ్ళు కాంట్రాక్టరుకి డబ్బు కడతారు, ఆయన కృష్ణుణ్ణి ఒక ఊరి నుంచి, దుర్యోధనుణ్ణి ఇంకో ఊరి నుంచి, కర్ణుణ్ణి మరో జిల్లా నుంచి మాట్లాడతాడు. రిహార్సలు ఉండదు. వాళ్ళంతా ఆ రాత్రి గ్రీన్‌రూములో, అంటే బడి వరండాలో, రంగు పూసుకుంటూ కలుసుకుంటారు. పైగా ఒక్క కృష్ణుడితో కుదరదు, ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు ఉంటారు, రాయబారం సీనుకి వచ్చే కృష్ణుడు పడక సీను కృష్ణుడికన్నా పొట్టిగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. మూడో కృష్ణుడు మా కళ్ళ ముందే ఇంకో ఊళ్ళో పద్యాలు పాడేసి, కిరీటం ఒళ్ళో పెట్టుకుని, రంగు చెరక్కుండా అద్దం దించుకుని కారులో వచ్చాడు. వలస అంటే నూటయాభై ఏళ్ళ కిందటి సంగతే కాదు, ప్రతి రాత్రీ జరుగుతోందని నాకు బుర్రకెక్కింది అప్పుడే. ఆ కారు ప్రయాణం ఒకటి పూర్తిగా తీయాలని అప్పటికప్పుడు ఆయన్ని అడిగాను. "ముందు సీట్లో కూర్చో అమ్మాయ్, వెనక డ్రెస్ పెట్టె ఉంటుంది" అన్నారు. తర్వాతి వారం తీశాం.

కెమెరా వైపు గొడవలు రాసుకుంటున్నాను, వేరేవాళ్ళకి పనికొస్తుందని. పందిట్లో ఎల్‌ఈడీ లైట్లు, కాబట్టి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టాం, కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఫ్లికర్ రాదు. అర్ధరాత్రి కరెంటు పోయి జనరేటర్ వేశారు. జనరేటర్ వేగం నిలకడగా ఉండదు, తెర మీద నల్ల గీతలు కిందికి పైకి పాకడం మొదలుపెట్టాయి. షట్టర్ ఒక్కో మెట్టు జరుపుకుంటూ పోతే కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. ఆ సీనుని అలాగే ఉంచేస్తున్నాను. ఇక సౌండు: నాటకం వాళ్ళవి పైనుంచి వేలాడే మైకులు, మేం పాడేవాళ్ళకి కాలర్ మైకులు కూడా పెట్టాం. పద్యంలో గుసగుసమని మొదలైన గొంతు పై షడ్జమం దాటాక మామూలు రికార్డరు చేతులెత్తేస్తుంది. 32 బిట్ ఫ్లోట్‌లో తీశాం కాబట్టి బతికిపోయాం, తర్వాత కిందికి దించుకుంటే ఎక్కడా పగల్లేదు. దుర్యోధనుడి కాలర్ మైకు మాత్రం హారాల కింద నలిగి రాత్రంతా గలగలమంది, ఆ ట్రాక్ పనికిరాదు.

వన్స్ మోర్ సంగతి వేరే రాయాలి. పద్యం అయిపోయింది, జనం లేచి వన్స్ మోర్ అన్నారు, కర్ణుడు అప్పటికే చెప్పాల్సిన మాట చెప్పేసినా కృష్ణుడు మళ్ళీ మొదటికి వెళ్ళి అదే పద్యం ఈసారి ఇంకో రాగంలో ఎత్తుకున్నాడు. ఒక పెద్దాయన స్టేజీ దగ్గరికొచ్చి ఐదొందల నోటు పిన్నీసుతో గుచ్చారు, మైకులో ఆయన పేరు చదివారు, కథ అక్కడే ఆగి ఉంది. సిటీ నుంచి వచ్చిన మా సౌండు కుర్రాడికి ఇది విడ్డూరం. నాకు మాత్రం వియన్నా గుర్తొచ్చింది. 1786 మే 1న మొజార్ట్ ఫిగారో పెళ్ళి ఆపెరా మొదటిసారి ఆడినప్పుడు జనం పాట పాటకీ మళ్ళీ మళ్ళీ అనడంతో ఆట ఎంతకీ అవక, చక్రవర్తి రెండో జోసెఫ్ ఒక్కరు పాడే పాటలు తప్ప మిగతావి మళ్ళీ పాడించకూడదని ఆజ్ఞ వేయించాడు. మన పరిషత్తుల్లోనూ వన్స్ మోర్ ఉండదు, పోటీ నాటకానికి టైము లెక్క ఉంటుంది. పల్లెటూరి పందిట్లో మాత్రం చక్రవర్తులెవరూ లేరు. ఇలాంటి చోటే ఆపెరాకి మన నాటకానికి పోలిక నిజంగా కుదురుతుంది, రాగాలు తాళాలు పోల్చడం వృథా.

మామ్మగారు

సినిమా అసలు గుండె ఇక్కడ ఉందని నా నమ్మకం.

సురభి వాళ్ళ కథ చాలామందికి పైపైన తెలుసు. శివాజీ కాలం నాటి మరాఠా సైనికుల వంశమని చెప్పుకునే కుటుంబాలు, తోలుబొమ్మలాడించుకుంటూ రాయలసీమలో స్థిరపడినవాళ్ళు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళి సందర్భంగా, బొమ్మల బదులు మనుషులే వేషాలు కట్టి కీచకవధ ఆడారు. వనారస గోవిందరావు గారి పేరుతో అక్కణ్ణుంచి మొదలైంది. తర్వాత కుటుంబాలు పెరిగి, పిల్లల పెళ్ళిళ్ళయ్యేకొద్దీ కొత్త సమాజాలు చీలి, ఊరూరా తిరిగి, గుడారం వేసిన చోటల్లా నెలల తరబడి ఆడి, పిల్లల్ని తెర వెనకే కని పెంచుకున్నారు. బయట కంపెనీల్లో ఆడవేషాలు మగవాళ్ళే కట్టే రోజుల్లో వీళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళే కట్టారు. మన వైపు బాపట్ల స్థానం నరసింహారావుగారు సత్యభామ కడితే ఆడవాళ్ళే ముక్కున వేలేసుకున్నారంటారు, ఆయనకి 1956లో పద్మశ్రీ వచ్చింది. సురభిలో ఆ అవసరమే రాలేదు.

మామ్మగారు సురభిలో పుట్టి, సురభిలో మెట్టి, ఇప్పుడు కొడుకు దగ్గర విజయవాడ వన్‌టౌన్‌లో ఉంటున్నారు. పేరు వేయొద్దన్నారు, వేయను. మేం వెళ్ళగానే "కాఫీ తాగుతారా, పద్యం వింటారా, ఏది ముందు" అని అడిగారు. లోహితాస్యుడితో మొదలుపెట్టి, బాలకృష్ణుడు, శశిరేఖ, తర్వాత సుభద్ర, ఒళ్ళు వచ్చాక హిడింబి. ఒక రాత్రి ఘటోత్కచుడి మనిషికి జ్వరమొస్తే అదీ కట్టారట. కూర్చున్న చోట నుంచే చెయ్యి పైకెత్తి, కోటు గుండీల దగ్గర వైరు ఎలా కట్టేవాళ్ళో, లడ్డూలు గాల్లోంచి నోట్లోకి ఎగిరి రావాలంటే దారం ఎవరు లాగేవాళ్ళో చూపించారు. దారం లాగే మనిషి ఆవిడ భర్త. "ఒక్కసారి కూడా నా ముక్కుకి తగల్లేదమ్మా లడ్డూ" అన్నారు. ఇంత మెచ్చుకోలు నేను ఏ భార్య నోటా వినలేదు.

ఇంటర్వ్యూ అంతా చక్కటి తెలుగు. మధ్యలో కోడలు వంటింట్లోంచి ఏదో అడిగింది, మామ్మగారు తల తిప్పకుండా మరాఠీలో జవాబు చెప్పి మళ్ళీ తెలుగులోకి వచ్చేశారు. మా కెమెరా అప్పుడు నడుస్తోంది. అదే భాష వాళ్ళింట్లో తరతరాలుగా నలిగి, తెలుగు, కన్నడం కలిసి, పుణేవాళ్ళకి సరిగ్గా అర్థం కానంత మారిపోయింది. తర్వాత అడిగితే చెప్పారు: తెర వెనక ప్రాంప్టింగు, దారాలు లాగేవాళ్ళకి కేకలు, "ఇప్పుడు దించు, ఇప్పుడు తిప్పు" అన్నీ ఆ మరాఠీలోనే, ఎందుకంటే మొదటి వరసలో కూర్చున్నవాళ్ళకి వినబడినా అర్థం కాకూడదు. తెర ముందు తిరుపతి వేంకట కవుల పద్యం, తెర వెనక ఆరె మరాఠీ (వాళ్ళ ఇంటి మరాఠీని అలా అంటారు) కేక. ఒకే నిమిషంలో రెండూ. ఆవిణ్ణి మాయాబజార్‌లో ఒక సీను అచ్చంగా అలాగే, తెర వెనక కేకలతో సహా చెప్పమని బతిమాలాం. కళ్ళు మూసుకుని, శశిరేఖ మాటలు ఒక గొంతుతో, భర్త కేకలు ఇంకో గొంతుతో, పన్నెండు నిమిషాలు ఏకబిగిన చెప్పారు. ఎడిటర్ దాన్ని చూసి ఒక్క మాట మాట్లాడలేదు, ఫైలు పేరు మాత్రం "ఇంటర్వెల్" అని మార్చి పెట్టాడు.

మనవడు బీటెక్. మరాఠీ అర్థమవుతుంది, మాట్లాడడు. పద్యం ఒకటి పాడమంటే సిగ్గుపడ్డాడు. దాన్ని విషాదంలా చూపించాలని నాకు లేదు, వాళ్ళింట్లో ఎవరూ అలా అనుకోవడం లేదు. వాడు ఒకసారి వింటే ఎవరి గొంతైనా మిమిక్రీ చేస్తాడు, నానమ్మ గొంతుతో సహా.

హక్కుల గొడవ

బోర్ కొట్టినా ఇది తెలుసుకోండి, ముఖ్యంగా నాటకాల మీద రీల్స్ కాకుండా సినిమాలు తీసేవాళ్ళు. మన చట్టంలో రచయిత పోయాక మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు కాపీరైటు ఉంటుంది. జంటకవులైతే చివర పోయినవారి నుంచి లెక్క. తిరుపతి వేంకట కవుల్లో చివర పోయిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు 1950లో పోయారు, కాబట్టి వాళ్ళు రాసిన రాయబారం పద్యాలు ఎవరైనా వాడుకోవచ్చు. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారు 1953లో పోయారు, ఆయన హరిశ్చంద్ర నాటకం కూడా హక్కుల్లోంచి బయటికొచ్చేసింది. కానీ ఆ నాటకం కాటిసీనులో నటులు దశాబ్దాలుగా కలుపుకుని పాడుతున్న జాషువాగారి పద్యాలు వేరే లెక్క. ఆయన 1971లో పోయారు, 2031 చివరిదాకా హక్కులుంటాయి. నాటకం ఒకరిది, అందులో జనం ఎక్కువ ఎదురుచూసే పద్యాలు ఇంకొకరివి, ఆ కలయిక ఎవరు ఎప్పుడు చేశారో పాడేవాళ్ళకే పట్టింపు లేదు, లాయరుకి మాత్రం చాలా ఉంది. పాడినవాళ్ళ అనుమతి కూడా విడిగా తీసుకోవాలి, ప్రదర్శకుడి హక్కు 50 ఏళ్ళు. ముగ్గురు కృష్ణుల చేతా సంతకాలు పెట్టించాం. మూడో కృష్ణుడు రంగు చేత్తో పెట్టడం వల్ల కాగితం నీలంగా ఉంది.

పాత వీడియో టేపులున్న ఒక సంస్థ మాత్రం సెకన్ల లెక్కన రేటు చెప్పింది. మా సినిమా మొత్తానికి పెట్టిన ఖర్చు వాళ్ళ రెండు నిమిషాలకి సరిపోదు. వదిలేశాం.

దాని బదులు గ్రామఫోను రికార్డులు దొరికాయి. గుంటూరులో ఒక రిటైర్డు టీచరు దగ్గర, గోనెసంచి మడతల మధ్య. 60 ఏళ్ళు దాటిన రికార్డింగులకి ఇబ్బంది లేదు. నిమిషానికి 78 తిప్పుళ్ళ పది అంగుళాల ప్లేటులో ఒక వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పడుతుంది. స్టేజీ మీద రాగంతో కలిపి ఆరేడు నిమిషాలు సాగే పద్యాన్ని ఆ మూడు నిమిషాల్లో ఇమడ్చడానికి పాతవాళ్ళు ఏం చేశారో వింటే తెలుస్తుంది: ముందు ఆలాపన దాదాపు తీసేశారు, చరణాల మధ్య రాగం కురచ చేశారు, చివర ఒక్కచోట మాత్రం గొంతు పూర్తిగా వదిలారు. మాస్టారికి వినిపిస్తే తల పంకించి, అదే పద్యం కాలర్ మైకు ముందు స్టేజీ లెక్కన వాయించారు. రెండూ పక్కపక్కన పెట్టి కట్ చేశాం, తెర మీద గడియారంతో. ఈ సీక్వెన్సు మీద నాకు మంచి ఆశ ఉంది.

ఎడిటింగ్ టేబుల్ దగ్గర

ఇప్పుడు నడుస్తున్న పోట్లాట: ఎడిటర్‌కి సినిమా మ్యాపుతో మొదలవ్వాలి, బొంబాయి, సాంగ్లీ, ధార్వాడ, రాజమండ్రి, గీత జరుగుతూ రావాలి. నాకు మాస్టారి బ్లేడుతో మొదలవ్వాలి. మ్యాపు చూడగానే జనానికి స్కూలు గుర్తొచ్చి ఫోను తీస్తారని నా వాదన. బ్లేడుతో మొదలుపెడితే ఇది హార్మణీ మీద సినిమా అనుకుంటారని వాడి వాదన. రెండు వెర్షన్లూ ఎక్స్‌పోర్టు చేసి, నాటకమంటే తెలియని ఇద్దరికి, నాటకం తప్ప ఇంకేమీ తెలియని ఇద్దరికి చూపించాలని ఒప్పందం.

సబ్‌టైటిల్స్ ఇంకో పేచీ. నాలుగు పాదాల పద్యం ఐదు నిమిషాలు పాడితే సబ్‌టైటిల్ ఐదు నిమిషాలు తెర మీద కూర్చుంటుందా? పాదం మొదలైనప్పుడు ఒక్కసారి వేసి, రాగం తీస్తున్నంతసేపూ తెర ఖాళీగా వదిలేస్తున్నాం. రాగానికి అర్థం వెతుక్కోనక్కర్లేదు.

సౌండు మిక్సింగు మొదలవ్వలేదు. పందిరి రాత్రి పక్క వీధిలో డీజే ఉంది, కృష్ణుడు శాంతి వచనాలు పలుకుతుంటే వెనక నుంచి దడదడ వస్తోంది. తీసేయడానికి ప్రయత్నిస్తే గొంతు పలచబడిపోతోంది. అలాగే ఉంచమని నేనంటున్నాను, పల్లెటూళ్ళో ఇప్పుడు నాటకం ఆడేది డీజే పక్కనే కదా.

మిగిలిన షూట్

వైశాఖంలో నరసింహ జయంతికి మేలట్టూరు వెళ్ళాలి. ఇప్పటిదాకా తీసినదంతా బయటి నుంచి మన దగ్గరికి వచ్చిన దారి, ఇది మన దగ్గర నుంచి బయటికి వెళ్ళిన దారి. నాయకరాజుల కాలంలో మన వైపు నుంచి భాగవతుల కుటుంబాలు తంజావూరు వెళితే, అచ్యుతప్ప నాయకుడు వాళ్ళకి ఊరిచ్చాడు, అచ్యుతపురమని పేరు పడింది. అదే ఇప్పటి మేలట్టూరు. ఇంట్లో, వీధిలో తమిళం మాట్లాడేవాళ్ళు ఏటా ఆ రాత్రి మేలట్టూరు వేంకటరామశాస్త్రి రాసిన ప్రహ్లాద చరిత్రని తెలుగులోనే ఆడతారు, ఆడవేషాలు ఇప్పటికీ మగవాళ్ళే కడతారు. మామ్మగారిని తీసుకెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోబెట్టాలని నా ఆశ. ఇంట్లో మరాఠీ, స్టేజీ మీద తెలుగు ఒకరిది, ఇంట్లో తమిళం, స్టేజీ మీద తెలుగు ఇంకొకరిది. ఆవిడ "మోకాళ్ళు ఒప్పుకుంటే వస్తా, లోయర్ బెర్త్ అయితేనే" అన్నారు. దానికి ముందు కూచిపూడిలో ఒక రోజు పని ఉంది, అక్కడి పెద్దలతో మాట్లాడి పెట్టుకున్నాం.

కారులో కృష్ణుడి షాట్లకి కలర్ కరెక్షన్ మొదలైంది, నీలం రంగు ముఖం మీద వీధి లైట్ల పసుపు పడి ఆకుపచ్చగా వస్తోంది, ఒక్కో ఫ్రేమూ సరిచేయాలి. తంజావూరు టికెట్లలో ఒకటి లోయర్ కన్ఫర్మ్ అయ్యింది, మిగతా మూడూ వెయిటింగ్ లిస్టు. పాత నాటకాల వాల్‌పోస్టర్లు, కరపత్రాలు, ముఖ్యంగా మైలవరం కంపెనీ, తెనాలి రామవిలాస సభ రోజులవి, మీ ఇళ్ళలో అటకల మీద ఉంటే పారేయకండి, నేనొచ్చి అక్కడే ఫొటో తీసుకుని మీవి మీకిచ్చేస్తాను.